మరిడమ్మా, లోపలికి రా

మాడుగుల నుంచి వచ్చిన బస్సు అనకాపల్లిలో ఆగేసరికి మణి ఒళ్ళోని కేరేజీ ఇంకా వెచ్చగానే ఉంది. అందులో ఉన్నది అరటి బోదె లోపలి దూట సన్నగా తరిగి వేసిన చేపల పులుసు. చోడవరం దగ్గర గోతుల్లో బస్సు ఎగిరిపడ్డప్పుడల్లా మూత మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంటూ వచ్చింది. అమ్మ బర్మా నుంచి తెచ్చుకున్నవాటిలో ఈ పులుసు ఒక్కటే అనకాపల్లిలో ఎవరూ మార్చనిది. అలా వదిలెయ్యడానికి గొప్ప కారణమేం లేదు. అందరికీ రుచించింది, అంతే.

ఆ రోజు పెద్దల అమావాస్య. గవరపాలెంలో అన్నయ్య త్రినాధరావు ఇంట్లో ఏటా జరిగేదే. నడింట్లో ఒక మూల పీటలు వేసి పసుపు రాస్తారు. పోయినవాళ్ళు ఒక్కొక్కరికీ ఒక కొత్త బట్ట పెడతారు, ఆకుల్లో వడ్డిస్తారు. సాంబ్రాణి పొగ వేసి, ఇంటి పెద్దకొడుకు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. ఆ తరవాత తలుపు దగ్గరగా వేసి అందరూ అరుగు మీదకి వచ్చేస్తారు, పిలిచినవాళ్ళు వచ్చి తిని వెళ్ళాలి కాబట్టి. పేరు పెట్టి పిలవనివాళ్ళు రారు. వీధిలోనే నిలబడి ఉండిపోతారని మణి చిన్నప్పుడు నాయనమ్మ చెప్పేది.

అమ్మ పోయి నాలుగేళ్ళు దాటింది. ఒక్క ఏడు కూడా అమ్మని అమ్మ పేరుతో పిలవలేదు. ఈసారి పిలిపించాలని మణి పట్టుదలగా ఉంది. వారం కిందట వదిన తలుపులమ్మకి ఫోన్ చేసి చెప్పింది కూడా. "నానేటి సెప్తాను మణీ, నువ్వే అడుగు మీ అన్నని. నువ్వు మాత్రం సీర తేకు, నానే కొంతాను," అని పెట్టేసింది వదిన.

గుమ్మంలో అడుగు పెట్టేసరికి టీవీ గోల. నెల రోజులుగా ఏ ఛానల్ తిప్పినా అదే. దేశాన్ని ఇండియా అనాలా, భారత్ అనాలా. త్రినాధరావు కుర్చీ టీవీ ముందుకి లాక్కుని కూచున్నాడు. బెల్లం మార్కెట్లో కొట్టు కొడుక్కి అప్పచెప్పినప్పటి నుంచి ఆయనకి టీవీయే మార్కెట్. పక్కన మంచం మీద తలుపులమ్మ తమ్ముడు కన్నబాబు, వేరుసెనగలు ఒలుచుకుంటూ.

"సింధు అని ఒక నది," అంటున్నాడు త్రినాధరావు. "అవతలున్న పారశీకులకి ఆ స అన్నది నోరు తిరగలేదు. హిందు అన్నారు. ఆళ్ళ దగ్గర ఇన్న గ్రీకులకి హ కూడా పలకలేదు. ఆళ్ళింకో రకంగా అన్నారు. ఆకర్ని తెల్లోడొచ్చి ఇండియా అని బోర్డు కట్టేసేడు. అంటే ఏటి? ఒకడి నోరు తిరక్క, ఇంకోడి నోరు తిరక్క, మన పేరు అరిగి అరిగి అలాగయిపోయింది."

"మనకీ చ నోరు తిరక్క సేపలనే అంతాం కదా బావా. ఆ లెక్కన సేపలు మన మీద కేసెయ్యాల," అన్నాడు కన్నబాబు.

"ఎటకారం కాదు బావా. సొంత పేరు సొంత పేరే."

"రాజ్యాంగంలో రెండు పేర్లూ ఉన్నాయంట కదా. ఇండియా, అంటే భారత్, అని మొదట్లోనే రాసీసేరంట."

"రాసేరు. ఒకదానికి రెండు పేర్లేటి మరి? ఎవడో నోటికి వచ్చింది పెడితే మనం పలకాలా?" అని తల తిప్పి చెల్లెల్ని చూశాడు. "ఏటమ్మా, పులుసు తెచ్చేవా? మిరియం వేసేవా?"

"వేసేను అన్నియ్యా."

"దూట నార తీసేవా సరిగ్గా? పోయినేడు పళ్ళల్లో ఇరుక్కుంది."

వంటింట్లో తలుపులమ్మ గారెలు వేస్తోంది. మణి చెయ్యి కడుక్కుని పక్కన కూచుని పిండి తట్టి అందించసాగింది. అలమర మీద కవరులోంచి రెండు చీరలు తొంగి చూస్తున్నాయి. రెండూ ఒకటే, ఆకుపచ్చ మీద పసుపు అంచు.

"ఇద్దరికీ ఒకలాటివే తెచ్చేను," అంది తలుపులమ్మ గొంతు తగ్గించి. "ఒకరికెక్కువ, ఒకరికి తక్కువ అనుకోకుండా. మీ అన్నకి ఇంకా సెప్పలేదు."

ఇద్దరికీ అన్న ఆ మాటకి మణి పిండి తట్టడం ఆపి చీరలకేసి చూసింది. నాలుగేళ్ళూ ఒక్క చీరే పెట్టారు. ఒక్క పేరే పిలిచారు. మరిడమ్మా, అని.

మరిడమ్మ త్రినాధరావు తల్లి. నాన్న సోమన్న ఆవిడనీ, చంటిపిల్లాణ్ణీ అనకాపల్లిలో వదిలేసి రంగం వెళ్ళాడు. అప్పట్లో ఈ చుట్టుపక్కల అందరూ బర్మా దేశమంతటికీ పెట్టుకున్న పేరు అదే. రంగూన్‌లో ఓడ దిగి కొండల్లోకి పోయినవాడూ రంగం వెళ్ళినట్టే, రేవులో మూటలు మోసినవాడూ రంగం వెళ్ళినట్టే. నాన్న అక్కడ ధాన్యం మిల్లులో పనికి కుదిరి, మిల్లు పక్కన పూలమ్మేవాళ్ళ పిల్లని చేసుకున్నాడు. అక్కడ పెళ్ళి ముందు జరిగిందో, ఇక్కడ మరిడమ్మ జ్వరంతో పోవడం ముందు జరిగిందో ఇంట్లో ఎవరూ గట్టిగా అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదు. తరవాత అక్కడ మిలిటరీవాళ్ళు మనవాళ్ళ కొట్లూ మిల్లులూ లాగేసుకుని ఓడలెక్కిస్తుంటే, ఆ పిల్లని వెంటబెట్టుకుని అనకాపల్లిలో దిగాడు.

ఆ పిల్ల పేరు తిన్ యీ. శనివారం పుట్టినవాళ్ళకి ఆ అక్షరంతో పేరు పెడతారట వాళ్ళు. శనివారం మాట వినగానే నాయనమ్మ రెండు చెవులూ మూసుకుంది. "ఆ పేరు మాకు నోరు తిరగదు," అని తేల్చేసింది. ఇంట్లో ఒక పేరు ఖాళీగా ఉంది. రేషన్ కార్డులోనూ ఉంది, చుట్టాల నోళ్ళలోనూ ఉంది. అదే పెట్టేసింది. పోయిన కోడలే తిరిగొచ్చిందనుకుంటే ఇంటికి దోషం ఉండదని నలుగురికీ చెప్పింది. తిన్ యీ మరిడమ్మ అయింది. యాభై అయిదేళ్ళు మరిడమ్మగా వండింది, తోమింది, బెల్లం దిమ్మలకి గోనెలు కుట్టింది, మరిడమ్మగానే పోయింది.

"మరదలా," అని హాల్లోంచి కేకేశాడు కన్నబాబు. "మీ అమ్మోళ్ళ దేశానికీ పేరు మార్చేరు కదా? బర్మా కాదంట, మయన్మారంట."

మణి పిండి చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది. "మార్చలేదు బావా. ఆళ్ళకి రెండూ ఎప్పట్నించో ఉన్నాయి. అమ్మ సెప్పేది. రాసినప్పుడు మ్యన్మా అని రాత్తారు, మాటాడినప్పుడు బమా అంతారు. నువ్వు కాయితం మీద తల్లి అని రాసి, ఇంట్లో అమ్మా అని పిలుత్తావు సూడు, అలాగ. తెల్లోడు బజార్లో ఇన్నాడు. ఇన్నది రాసుకున్నాడు. బర్మా అయిపోయింది."

"మన పంతుళ్ళు బ్రహ్మదేశం అనేవోరు," అన్నాడు త్రినాధరావు.

"ఆళ్ళకి తెలిసిన దేవుడి పేరు ఆళ్ళు పెట్టుకున్నారు. మనోళ్ళు రంగం అన్నారు. అక్కడోళ్ళేమో మనల్ని కోరంగులు అనీవోళ్ళంట. మా నాన్న అనకాపల్లి, అనకాపల్లి అని మొత్తుకున్నా సరే. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చినోళ్ళంతా కోరంగులే."

కన్నబాబు నవ్వాడు. "బాగుంది. ఈళ్ళు ఆళ్ళకి, ఆళ్ళు ఈళ్ళకి."

"మొత్తానికి ఆ మిలిటరీవోళ్ళు మంచి పని సేసేరు," అన్నాడు త్రినాధరావు. "తెల్లోడు పెట్టింది తీసి అవతల పారేసి, సొంత పేరు తెచ్చుకున్నారు."

ఆ కబురు వచ్చిన రోజు మణికి బాగా గుర్తు. పేపర్లో చూసి తన భర్తే చెప్పాడు, అత్తా, మీ దేశం పేరు మార్చేసేరంట, అని. అమ్మ గోనె కుడుతూ దబ్బనం ఆపలేదు. ఎవరు మార్చేరు, అంది. మిలిటరీవోళ్ళు అన్నాడు. మమ్మల్ని ఓడెక్కించినోళ్ళా, అంది. ఆళ్ళే. అక్కడున్నోళ్ళని అడిగేరా? అడగలేదంట. అమ్మ నవ్వింది. ఆవిడ గట్టిగా నవ్వడం మణి తక్కువ చూసింది. "అయితే నాకు పెట్టినట్టే పెట్టేరు," అంది.

ఆ రోజే అమ్మ ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళలో చిన్నదానిగా ఉన్నప్పుడు పేరు ముందు మ అని చేర్చి పిలుస్తారట. వయసు మళ్ళి పెద్దరికం వచ్చాక మ తీసేసి డో అని చేరుస్తారు. ఏ రోజు నుంచి అన్నది ఎవరూ చెప్పక్కర్లేదు, వీధిలోవాళ్ళే ఒక రోజు మొదలుపెడతారు. "నన్ను ఎవరూ డో అనలేదు," అంది అమ్మ. "ఓడెక్కినప్పుడు మ తిన్ యీ. అక్కడికే ఆగిపోయేను."

ఇవన్నీ హాల్లో చెప్పే మాటలు కావు. మణి చేతికంటిన పిండి కొంగుకి తుడుచుకుంది. ఇప్పుడే అడగాలి, లేకపోతే పీటల ముందు కూచున్నాక నోరు పెగలదు.

"అన్నియ్యా, సొంత పేరు సొంత పేరే అన్నావు కదా."

"అన్నాను."

"ఇయ్యాళ అమ్మని అమ్మ పేరు పెట్టి పిలువు. వదిన రెండు సీరలు తెచ్చింది. ఒకటి మీ అమ్మకి మీ అమ్మ పేరున. ఒకటి మా అమ్మకి మా అమ్మ పేరున."

కన్నబాబు తొక్కలన్నీ పోగుచేసుకుని పారబోసే మిషతో వీధిలోకి పోయాడు. త్రినాధరావు రిమోట్ నొక్కి టీవీ గొంతు తగ్గించాడు. కట్టెయ్యలేదు. తెర మీద మనుషులు చేతులు ఊపుతూనే ఉన్నారు.

"ఇన్నాళ్ళూ లేంది ఇప్పుడెందుకు?"

"ఇన్నాళ్ళూ అడగలేదు కాబట్టి."

"ఆవిడ ఈ ఇంటికి మరిడమ్మగా వచ్చింది, మరిడమ్మగా ఎల్లింది. ఓటరు కార్డు మీద అదే, ఆస్పత్రిలో అదే. ఇప్పుడు కొత్త పేరు పిలిత్తే ఎవరొత్తారు?"

"కొత్తది కాదు. అదే పాతది. నాయనమ్మ నోరు తిరక్క పోగొట్టింది. పారశీకులనీ గ్రీకులనీ ఇంతసేపూ తిట్టేవు. ఒకదానికి రెండు పేర్లేటి అన్నావు. మరి ఇద్దరికి ఒక పేరేటి అన్నియ్యా?"

త్రినాధరావు లేచాడు. పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి కాళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టాడు. పీటల ముందు కూచునే ముందు ఎలాగూ కడుక్కోవాల్సినవే. మణి వెనకే వెళ్ళి గట్టు మీద నిలబడింది. ఈసారి వదలకూడదనుకుంది.

"నువ్వు మీ అమ్మ పేరు పోయిందంతావు," అన్నాడు, నీళ్ళకేసి చూస్తూ. "ఎవరిది పోయింది? నాకు ఎనిమిదేళ్ళు. అమ్మ పోయి రెండేళ్ళు. లోపల గదిలో తౌడు జల్లెడ పడతన్నాను. వీధిలో బండి ఆగింది. నాయనమ్మ గుమ్మంలో నిలబడి ఎర్రనీళ్ళు తిప్పి పిలిచింది. మరిడమ్మా, లోపలికి రా, అని."

కుళాయి కట్టాడు.

"అమ్మ వచ్చిందనుకున్నాను. జల్లెడ అవతల పారేసి పరిగెట్టుకొచ్చేను. గుమ్మం దాకా వచ్చీసేను మణీ. సూత్తే ఎవరో. తెల్లగా, ముకం మీద ఏదో గంధం పూసుకుని. నాన్న పక్కన."

మణికి ఈ సంగతి తెలీదు. అన్నయ్య అమ్మని ఎప్పుడూ పేరుతో గానీ, వరసతో గానీ పిలవలేదని మాత్రం తెలుసు. ఇదిగో, అనేవాడు. అన్నం పెట్టమనడానికీ ఇదిగో, జ్వరం వచ్చినప్పుడూ ఇదిగో. ఆవిడ చేతి పులుసు కోసం మాత్రం మార్కెట్ నుంచి ఎండలో నడిచి వచ్చేసేవాడు.

"ఆ తరవాత వీధిలో ఎవరు మా అమ్మ పేరు పిలిచినా ఆవిడే పలికేది. నా అమ్మ పేరు నాకు లేకుండా అయిపోయింది. నాను ఇయ్యాళ ఆ మూల కూచుని మరిడమ్మా అంటే ఎవరొత్తన్నారో నాకు తెలీదు. మా అమ్మే వత్తందో, ఆవిడే వత్తందో, ఇద్దరూ కలిసి వత్తన్నారో. ఇప్పుడు ఒకరి పేరు ఇడదీత్తే, ఇన్నేళ్ళూ వచ్చింది మా అమ్మ కాదని తేలిపోతే? నన్నేం సెయ్యమంతావు?"

మణి గట్టు దిగి దగ్గరకి వచ్చింది. జాలి కలిగింది. జాలి వెనకే కోపమూ వచ్చింది, ఎందుకంటే ఆ గుమ్మానికి రెండో వైపు ఏం జరిగిందో ఆయన అరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

"నువ్వు లోపల్నించి వచ్చేవు," అంది. "బయట నిలబడ్డావిడ సంగతి సెప్పనా? తెలుగు ముక్క రాదు. పెద్దావిడెవరో చేతులు చాపి మరిడమ్మా అంతంది. ఎనక ఇంకెవరో ఉన్నారు కావోలు, ఆళ్ళని పిలుత్తన్నారని ఎనక్కి తిరిగి సూసిందంట. సూసి, దారికి అడ్డంగా ఉన్నానని పక్కకి జరిగిందంట. నాన్న చెయ్యి పట్టుకుని లోపలికి లాగితే గానీ అది తననేనని తెలీలేదు."

త్రినాధరావు తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాడు. తుడిచిన పాదాన్నే మళ్ళీ తుడిచాడు. ఇంతసేపు మాట్లాడి, ఆ పేరు ఏమిటి అని మాత్రం ఆయన అడగలేదని మణి అప్పుడు గమనించింది.

"పొద్దెక్కిపోతంది," అన్నాడు. "ఒడ్డించండి."

పీటలు వేశారు. నాన్నకి పంచె, తాతకి పంచె, నాయనమ్మకి గళ్ళ చీర. తలుపులమ్మ మొగుడి ముఖం కేసి చూడకుండా రెండు ఆకుపచ్చ చీరలూ పక్కపక్కన పెట్టేసింది. ఆయన చూశాడు. తియ్యమనలేదు. ఆకుల్లో అన్నం, గారెలు, మాంసం, పులుసు. పులుసు రెండో చీర ముందున్న ఆకులో మణి తనే వేసింది, రెండు గరిటెలు, దూట ముక్కలు ఎక్కువ వచ్చేలా.

సాంబ్రాణి పొగ లేచింది. త్రినాధరావు చేతులు జోడించి పిలవడం మొదలుపెట్టాడు. తాతని పిలిచాడు. నాయనమ్మని పిలిచాడు. "సోమన్నా, నాయనా, రా." మొదటి ఆకుపచ్చ చీర ముందుకి జరిగి, "మరిడమ్మా, అమ్మా, రా," అన్నాడు.

రెండో చీర ముందు ఆగాడు. తలుపులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడైనా వెనక్కి తిరిగి తనని ఆ పేరు అడుగుతాడనుకుంది మణి.

"మరిడమ్మా," అన్నాడు ఆయన. గొంతు ఈసారి కిందికి ఉంది. "రా."

అంతే. అమ్మా అని కూడా చేర్చలేదు.

తలుపు వేశారు. అందరూ అరుగు మీదకి వచ్చారు. కన్నబాబు వాతావరణం తేలిక చేద్దామని, "అత్తోరు పులుసు ముందు తినేత్తారు, గారెలు మిగుల్తాయి మనకి," అన్నాడు. మణి వీధిలోకి చూస్తూ కూచుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎదురింటి గోడ వారన నీడ ఒక చారలా మిగిలింది. అమ్మ అక్కడే ఎక్కడో నిలబడి, మళ్ళీ ఇంకెవరినో పిలుస్తున్నారని దారి ఇచ్చి పక్కకి జరిగి ఉంటుంది.

భోజనాలయ్యాయి. పులుసు గిన్నె ఖాళీ అయింది. త్రినాధరావు మూడుసార్లు వడ్డించుకున్నాడు, దూట నార గురించి ఏమీ అనలేదు. పెద్దలకి పెట్టిన చీరలు ఆడపడుచుకి ఇవ్వడం ఆనవాయితీ. తలుపులమ్మ బొట్టు పెట్టి రెండూ మణి చేతిలో పెట్టింది.

"ఏది మా అమ్మది వదినా?"

తలుపులమ్మ చీరలకేసి చూసింది. తీసేటప్పుడు ఒకదాని మీద ఒకటి వేసేసింది. పైది కిందయిందో, కిందది పైనయిందో. "రెండూ ఒకటే కదా మణీ," అంది, ఏదో తప్పు చేసినదానిలా.

ఆటో పిలిచారు. మణి కడిగిన కేరేజీ, చీరల కవరు పట్టుకుని ఎక్కి కూచున్నాక త్రినాధరావు గేటు దాటి వచ్చాడు. లోపల టీవీ గొంతు మళ్ళీ పెరిగింది, కన్నబాబు పెంచినట్టున్నాడు. ఆయన ఆటో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ముఖం వాడిపోయి ఉంది.

"ఆ పేరు ఏటి మణీ?" అన్నాడు. "మీ అమ్మది."

పొద్దుటి నుంచి ఆ మాట కోసమే ఎదురు చూసింది. పొద్దుటి నుంచే ఏముంది, నాలుగేళ్ళుగా. పేరు నాలిక చివరనే ఉంది. కానీ ఆయన రెండోసారి మరిడమ్మా అన్నప్పటి గొంతు ఇంకా చెవిలోనే ఉంది.

"నీకు నోరు తిరగదులే అన్నియ్యా," అంది. "పోనీ బాబూ, బస్టాండు."

ఆటో కదిలింది. ఆయన కడ్డీ వదలడం కొంచెం ఆలస్యమై రెండడుగులు పక్కనే నడిచాడు.

మాడుగుల బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చీరల్లోంచి సాంబ్రాణి వాసన వస్తోంది. మణి పైది కిందకి, కిందది పైకి మార్చి చూసింది, అంచులు పోల్చి చూసింది. రెండింటికీ ఒక్క తేడా లేదు. ఆ ఇంట్లో ఆ పేరు పలకగలిగింది తనొక్కతే. గుమ్మం దాటి వెళ్ళి, గుమ్మం దాటి వచ్చేసింది, ఒక్కసారి కూడా పలకలేదు. అడిగినవాడికీ చెప్పలేదు.

బస్సు ఊరు దాటాక పెదవులు కదిపింది. పేరు ముందు మ పెట్టాలో డో పెట్టాలో తేల్చుకునే లోపల, ఎక్కడికమ్మా అంటూ కండక్టర్ వచ్చి నిలబడ్డాడు.